గంటీలను నొక్కని జత

నెక్కొండ,
నవంబర్ 12, 2024

తమ్ముడు సుదర్శన్‌కు,

మీ అక్క అనసూయ దీవెనలు. మీ బావ బాగున్నాడు, పిండి గిర్ని బాగుంది, కొత్త బెల్టు వేయించాం. నా చెవులు తప్ప అన్నీ బాగున్నాయి.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్‌లో చాలాసేపు మాట్లాడావు. ఏం మాట్లాడావో నాకు తెలియదు. అన్నిటికీ "ఆఁ, సరే" అన్నాను. ఇల్లు రాసిమ్మని అడిగి ఉంటే రాసిచ్చేసినట్టే. చెవిటిదాని ముందు శంఖం ఊదే పని ఇక వద్దురా, ఉత్తరం రాయి. కళ్లజోడు పెట్టుకుంటే అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి.

పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఈ గిర్ని పక్కనే నిలబడ్డాను. పిండి ఊపిరితిత్తుల్లోకి పోతుందని అందరూ చెప్పారు గానీ, చప్పుడు చెవుల్ని తింటుందని ఒక్కరూ చెప్పలేదు. హన్మకొండ దవాఖానలో చూపించుకున్నాను. చెవిలో పెట్టే మిషను ఇచ్చారు. నాకు చీము కారే చెవి కదా, వారం తిరక్కుండానే వాచిపోయింది. లోపల ఏదీ పెట్టొద్దన్నాడు డాక్టరు. అప్పుడు అక్కడి చీటీలు రాసే అమ్మాయి తన హెడ్‌ఫోన్లు తీసి నా తలకు పెట్టింది. చెవిని మొత్తంగా కప్పే రెండు గిన్నెలు. ఆమె ఫోన్‌లో ఎవరో వంట చేస్తున్నారు. నూనెలో ఆవాలు చిటపటమన్నాయిరా. మా ఇంట్లో రోజూ పోపు పెడతాను, ఆవాలు ఎగరడం చూస్తాను, ఆ చప్పుడు ఉందన్న సంగతే మరిచిపోయాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. జనం నాకేదో పెద్ద రోగం బయటపడిందనుకున్నారు.

అలాంటివి నాకు కావాలి. ఆ అమ్మాయి చెప్పింది చెబుతాను, గుర్తుపెట్టుకో. గిన్నెల వెనక మూసి ఉండాలి, జల్లెడలా బెజ్జాలుండేవి వద్దు, గిర్ని చప్పుడంతా లోపలికొస్తుంది. చెవి మీద కూర్చునేవి కాదు, చెవిని లోపలికి తీసుకునేవి. తేలికగా ఉండాలి, మెత్త మెత్తగా ఉండాలి. నా చెవులకు అమ్మ గంటీలున్నాయి, వాటిని నొక్కకూడదు. కళ్లజోడు కాడలున్నాయి, వాటిని నొక్కకూడదు. వేలకు వేలు పోయొద్దు. పదిహేను వందల లోపల మంచివే దొరుకుతాయట.

ఊరికే ఇమ్మని అడగడం లేదు. ఇది పుట్టింటివాళ్లు నాకు ఒడిబియ్యం పోయాల్సిన ఏడు. అమ్మ పోయాక మీ ఇంటి బియ్యం నా ఒడిలో పడలేదు. ఈసారి ఒడిబియ్యం పోయాలి. చీరకు బదులు ఇవి ఇవ్వు. ఆడపిల్లకు తల్లిగారిల్లు ఇంకా ఉందని నలుగురికీ తెలియాలి, నాకూ తెలియాలి.

నీ పెళ్లాం అడ్డుపడకపోతేనే అనుకో.

అక్క,
అనసూయ


వరంగల్,
నవంబర్ 24, 2024

అక్కకు నమస్కారం.

ఉత్తరం చూసి మనసు కరిగిపోయింది. నీకంటే నాకెవరున్నారక్కా? బావకు నమస్కారాలు చెప్పు. ఇక్కడ పెళ్లిళ్లు మొదలైనా స్టీలు సామాన్లు అడిగేవాళ్లు తగ్గారు. అందరికీ ఏదో కొత్తరకం కావాలి.

హెడ్‌ఫోన్లు ఈ ఉత్తరంతో పాటే నెక్కొండ వచ్చేవాళ్ల చేత పంపుతున్నాను. నేను పెద్దవే తీసుకుందామన్నాను. నీ మరదలి సంగతి నీకు తెలియనిది కాదు. "ఆమె వినేదెంత, దానికి అంత పెద్దయి ఎందుకు" అన్నది. ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను.

ఒడిబియ్యం నా మనసులో ఎప్పటి నుంచో ఉంది. ఇద్దరం కూర్చుని పోయాల్సిన పని కదా. పద్మలతేమో ప్రతిసారీ నడుము నొప్పి అంటుంది. ఈ ఏడు ఎలాగైనా ఒప్పిస్తాను.

ఇంకో మాట. నాకు రాయడానికి తీరడం లేదు. బావ ఫోన్‌కు వాయిస్ మెసేజ్‌లు పెడతాను. ఎన్నిసార్లయినా తిప్పి తిప్పి వినొచ్చు. నా మాట అయిపోయాక చివర్లో ఏదో గలగల వస్తుంటుంది, అది పట్టించుకోకు. బేరం మధ్యలో మాట్లాడుతుంటాను, వెంటనే ఆపను. సామాన్ల చప్పుడది.

నీ తమ్ముడు,
సుదర్శన్


నెక్కొండ,
డిసెంబర్ 8, 2024

సుదర్శన్‌కు,

దీవెనలు తర్వాత. ముందు నీ పెళ్లాం ఏరి పంపిన ఆ వస్తువు సంగతి విను.

అవి చెవుల్ని కప్పవు, చెవుల మీద కూర్చుంటాయి. కూర్చుని గంటీలను మెడలోకి గుచ్చుతాయి. ఒక పూట పెట్టుకున్నాను, చెవి తమ్మెలు మిరపపండ్లయ్యాయి. పైగా మూత లేని గిన్నెలు. లోపలి మాట బయటికి, బయటి గిర్ని లోపలికి. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన బక్కమ్మ నీ వాయిస్ మెసేజ్ నాకంటే ముందు విని, "మీ తమ్మునికి దగ్గయిందట వదినె" అని నాకే చెప్పింది. దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం తాగు.

నీ మాటలు సగం విన్నాను. చివర్లో గలగల మాత్రం బాగానే వినిపించింది, అదేదో గిర్నికి తోబుట్టువులా ఉంది.

"ఆమె వినేదెంత" అన్నదా నీ పెళ్లాం? నేను వినేదెంతో ఆమెకెలా తెలుసు? మన ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆమె నాతో నాలుగు మాటలు కలిపింది లేదు. వస్తే నీళ్లిస్తుంది, పోతే బొట్టు పెడుతుంది, అంతే. మూగనోము పట్టిన మనిషి, నా చెవుల మీద మాత్రం తీర్పు చెబుతుంది.

ఈ జత తిప్పి పంపుతున్నాను. మార్చి ఇవ్వమను. అడగందే అమ్మయినా పెట్టదంటారు కాబట్టి సిగ్గు విడిచి మళ్లీ అడుగుతున్నాను.

అక్క


వరంగల్,
డిసెంబర్ 20, 2024

అక్కా,

నమస్కారం. దగ్గు తగ్గింది. నీ ఉత్తరం అందింది.

నీకు రాయకూడదనే అనుకున్నాను, కానీ నీ దగ్గర దాచలేను. పెద్దవి కొందామంటే పద్మలత ఏమన్నదో తెలుసా? "గంటీలు తీసి పెట్టుకుంటే ఏంబోతది? గీ వయసుల ఎవలు చూస్తరు?" అన్నది. నేను కోప్పడ్డాను. మా అమ్మ గంటీల మాట ఎత్తకు అని గట్టిగానే చెప్పాను. కానీ ఇంటి బండి ఎలా నడవాలో నీకు చెప్పాలా?

ఒక మాట చెబితే తప్పుగా అనుకోకు. విన్నంతసేపు తీసి పక్కన పెట్టుకుంటే నీకూ నొప్పి ఉండదేమో.

దుకాణానికి కొత్త షట్టరు వేయించాలి. సంక్రాంతి దాటాక చూద్దాం.

సుదర్శన్


నెక్కొండ,
జనవరి 5, 2025

సుదర్శన్,

రాత్రంతా ఆలోచించి, తెల్లవారి గిర్ని స్విచ్చి వేయకముందే రాస్తున్నాను. ఈ ఉత్తరం నీ పెళ్లానికి చదివి వినిపించు. ఒక్క అక్షరం మింగొద్దు.

ఈ గంటీలు అమ్మ తన చెవులకు తీసి, తన చేతులతోనే నా చెవులకు పెట్టింది. ఆ తర్వాత ఆమె బోసి చెవులతోనే పోయింది. నీకు ఇల్లు, దుకాణం. నాకు ఇవి. నేనేనాడైనా పేచీ పెట్టానా? ఇప్పుడు వాటిని తీసి పక్కన పెట్టమని ఎవరు చెబుతున్నారు? నిన్న గాక మొన్న వచ్చింది చెబుతోంది!

ఆమెకేం తెలుసు తల్లి సొమ్ము విలువ? కడుపు పండినదైతే తెలిసేది. బిడ్డ చెవులు కుట్టించి ఉంటే తెలిసేది. ఆ గుణానికే దేవుడు ఆమె ఒడి ఖాళీగా ఉంచాడు. నేను అనకూడదు. అన్నాను. అనిపించుకుంది.

ఒడిబియ్యం సంగతి కూడా విను. ఆమె నడుమును ఆమెనే చూసుకొమ్మను. ఆమె చేతి బియ్యం నా ఒడిలో పడనక్కరలేదు. పిల్లల తల్లి చేయి కావాలి. మీ పక్కింటి భవాని నాకు చెల్లెలి వరస, ఆమెను నీ పక్కన కూర్చోబెట్టి పోయించు. అలాగైతేనే వస్తాను.

ఇంత బతుకూ బతికి తమ్ముడింటి ముందు ఒక చెవుల డబ్బా కోసం దేబిరించాల్సి వచ్చింది. మీ బావకు ఇవేవీ చెప్పలేదు. చెబితే ఆయనే కొనుక్కొస్తాడు. నాకు కావలసింది మీ ఇంటి నుంచి రావాలి.

అనసూయ


వరంగల్,
జనవరి 25, 2025

అక్కకు,

కోపం తగ్గించుకో. నీకు మంచి కబురు పంపుతున్నాను.

నీ ఉత్తరం ఆమెకు వినిపించలేదు. ఎందుకులే, ఇల్లు అంటుకుంటుంది. కానీ నేను మాత్రం ఈసారి ఊరుకోలేదు. గట్టిగా కొట్లాడి, అసలైన జత కొన్నాను. రెండు దుకాణాలు తిరిగి, అన్నీ నేనే తలకు పెట్టుకుని చూసి ఏరాను. గిన్నెలు లోతుగా ఉన్నాయి, లోపలి మెత్త చెవికి తగలదు. వెనక గట్టి మూత. తలమీది పట్టీకి గుడ్డ చుట్టి ఉంది. మరీ బరువూ లేదు. నీ గంటీలను ఇసుమంత కూడా నొక్కదు, పందెం కాస్తాను. కళ్లజోడు మీద కూడా బాగానే కూర్చుంటుంది.

పద్మలత మూతి ముడుచుకుని కూర్చుంది. మూడు పూటలు సరిగ్గా మాట్లాడలేదు. ముడుచుకోనీ. అక్క కోసం ఆ మాత్రం పడలేనా?

ఫాల్గుణంలో మంచి ముహూర్తం ఉందట. ఒడిబియ్యానికి అదే అనుకుందాం. బావకు ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను, కొత్త జతతో విను.

నీ తమ్ముడు,
సుదర్శన్


నెక్కొండ,
ఫిబ్రవరి 9, 2025

మరదలు పద్మలతకు,

నీకు ఇదే నా మొదటి ఉత్తరం. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. నిన్ను ఇన్నాళ్లూ "నీ పెళ్లాం" అని మాత్రమే రాశాను, పేరు రాయడానికి చేయి రావడం లేదు.

పార్సిలు వచ్చిన రోజు గిర్ని బంద్ చేయలేదు. మిరపకాయల కాలం కదా, వరస కట్టి ఉన్నారు. అయినా ఒక మూల స్టూలు వేసుకుని ఆ జత పెట్టుకున్నాను. కారం ఘాటు తప్ప గిర్ని లేనట్టే అయింది. గంటీలకు మెత్త తగలలేదు. ఎంతసేపు పెట్టుకున్నా తమ్మెలు నొప్పి పెట్టలేదు. మా ఆయన ఫోన్‌లో వాడి మెసేజ్ పెట్టాను.

"కొట్లాడి మరీ కొన్ననక్కా, నువ్వు ఫికర్ పెట్టుకోకు" అని వాడి మాట అయిపోయింది. ఇదివరకు అక్కడ తీసేసేదాన్ని. ఈసారి తీయబుద్ధి కాలేదు. నా తమ్ముడి దుకాణంలో గిన్నెలు మోగినా వినాలనిపించింది. అది గిన్నెల చప్పుడు కాదు పద్మలతా. నీ గొంతు.

"కొట్లాడిందెవలు? చీరల పీకో, ఫాల్ కుట్టిన పైసలతోటి నేను కొన్న. భవాని బుట్ట కమ్మలు అడిగి పెట్టుకొని మరీ నొస్తానయా లేదా చూసిన. మీరు దుకాణం మెట్లెక్కింది లేదు."

"జర ఊకో. అక్క కాడ నువ్వెట్లాగు చెడ్డదానివే. ఇంకో మాట పడితే ఏంబోతది?"

"గంటీలు తియ్యమని గూడ నా పేరు మీదనే రాస్తిరి."

"రాస్తే? నాకు అక్క ఒక్కతే. ఆమె కాడ నేను మంచిగుండాలె గదా."

"ఒడిబియ్యం పోద్దామని ఎన్నిమాట్ల మొత్తుకున్న? ఖర్చని మీరంటిరి. నా నడుము మీద పెడ్తిరి."

వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, చిన్నప్పుడు నా పలక పగలగొట్టి కూడా అలాగే నవ్వాడు. తర్వాత మెసేజ్ అయిపోయింది.

పాతవి కూడా తీసి విన్నాను. డిసెంబరుదాంట్లో చివర, "పెద్దయి పంపుదాం, ఆ పంపినయి గంటీలను నొక్కుతయి, పాపం" అని నువ్వు అంటున్నావు. నేను గిర్నికి తోబుట్టువని వెక్కిరించింది ఆ మాటనే. గంటీలు నొక్కవని వాడు పందెం కాసినప్పుడైనా నాకు తట్టాలి. చెవులకు ఏమీ లేని మగవాడికి నొక్కేదీ నొక్కనిదీ ఎలా తెలుస్తుంది?

కంచే చేను మేసింది. నేను పక్క చేను వాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాను.

జనవరిలో నేనొక ఉత్తరం రాశాను. నీకు వినిపించలేదని వాడు రాశాడు. వాడు ఇన్ని అబద్ధాలు చెప్పాడు కదా, ఆ ఒక్కటి నిజం కావాలని మొక్కుకుంటున్నాను. నువ్వు చదివి ఉండకపోతే అడగొద్దు. చదివి ఉంటే, నేను ఏం రాసినా ఆ మాట వెనక్కి రాదని నాకు తెలుసు.

ఒడిబియ్యం నువ్వే పోయాలి. నీ చేతులతోనే కావాలి నాకు. ఇంకొకటి అడుగుతాను. నీ గొంతు ఎప్పుడూ నాకు చివర్లోనే, చాటుగానే వినిపించింది. ఒక్క మెసేజ్ నా పేరు పెట్టి పంపు. తిట్టినా సరే. ఈ జతతో శుభ్రంగా వింటాను.

నీ వదిన,
అనసూయ


వరంగల్,
ఫిబ్రవరి 14, 2025

అక్కా,

జత అందిందా? బాగుందా? ఉత్తరమే లేదేం? నేను పంపిన వస్తువు నచ్చలేదా?

పోస్టులో ఏదో వచ్చిందని పక్కింటి భవాని అంటోంది. పద్మలత నాకు చూపించలేదు. చూశావా, నీ ఉత్తరాలు కూడా దాచే స్థితికి వచ్చింది. నేను కాబట్టి నెట్టుకొస్తున్నాను.

బావకు నమస్కారాలు. కారం రెండు కిలోలు పట్టి పంపు, ఈసారి కాస్త ఎరుపు ఎక్కువ ఉండేట్టు చూడు.

నీ తమ్ముడు


వరంగల్,
ఫిబ్రవరి 20, 2025

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. జత సరిపోయినందుకు సంతోషం. ఎండలు ముదురుతున్నాయి, ఎక్కువసేపు పెట్టుకుంటే చెవుల చుట్టూ చెమట పడుతుంది. మీకు చీము చెవి కాబట్టి మధ్యమధ్యలో తీసి, పొడిగుడ్డతో తుడుచుకోండి. మెత్తలు పాడైతే విడిగా దొరుకుతాయట.

జనవరి ఉత్తరం నాకు వినిపించలేదని ఆయన రాసింది నిజమే. ఆయన నాకు వినిపించలేదు, నేనే ఆయనకు వినిపించాను. ఆయన గల్లా దగ్గర కూర్చుని చిల్లర సర్దుకుంటూ ఉత్తరాలు నా చేతికిస్తాడు. నేను బయటికి చదువుతాను, ఆయన వింటాడు. మీ ఉత్తరాలన్నీ అలాగే చదివాను. మీరు నన్ను మూగనోము అన్నది కూడా నా నోటితోనే చదివాను. ఒడి ఖాళీగా ఉంచాడన్న దగ్గర ఆగాను. "చదువు, ఆగినవేంది?" అన్నాడు. చదివాను. దుకాణంలో ఇద్దరు బేరగాళ్లున్నారు.

ఆ మాట మీరు అనకూడదని రాసి, అన్నారు. నన్ను చాలామంది అన్నారు గానీ, అనకూడదని తెలిసి అన్నది మీరొక్కరే.

అంతా విన్నాక కూడా మంచి జత ఎందుకు పంపానని మీరనుకోవచ్చు. గొప్పదనం ఏమీ లేదు. మీ ఉత్తరం వచ్చేనాటికే కొని ఉంచాను. తలకు పెట్టుకునే వస్తువు వాపసు తీసుకోం అన్నారు దుకాణంవాళ్లు. ఇంట్లో ఉంటే రోజూ కళ్లబడుతుందని పంపించేశాను. అప్పటికి కొని ఉండకపోతే కొనేదాన్ని కాదు.

ఆయన అబద్ధాలు ఆయనవి. వాటితో నేను ఎలాగూ కాపురం చేస్తున్నాను. కానీ వదినా, ఇన్నేళ్లలో ఒక్కసారైనా "నువ్వు నిజంగ గట్లన్నవా?" అని మీరు నన్ను అడిగి ఉంటే సరిపోయేది. దానికి చెవులు అక్కర్లేదు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకు మీ రూపంలో ఆ సగం కూడా ఆయనలాగే దొరికింది.

ఒడిబియ్యం ముహూర్తం ఫాల్గుణ మాసంలోనే ఉంది. బియ్యం ఏరి, పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ అన్నీ నేనే సర్ది పెడతాను, అది ఇంటి కోడలి పని. పోసేటప్పుడు మాత్రం మీరు రాసినట్టే భవాని కూర్చుంటుంది. ఆమెకు చెప్పాను. నా చేయి వద్దని మీరు రాసిన మాట మీరు మార్చుకోవచ్చు. నా నోటితో చదివిన మాట నేను మార్చుకోలేను.

నా గొంతు పేరు పెట్టి పంపమన్నారు. మీరు ఇప్పటికే విన్నారు కదా, మెసేజ్‌ల చివర. అంతకంటే మీతో చెప్పేది నా దగ్గర లేదు.

పద్మలత